అయోధ్యలో భూమికి రెండు ధరలు

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2025 జూన్‌లో అయోధ్య భూముల సర్కిల్ రేట్లను సవరించింది. ఆలయ నిర్మాణం గురించి ఏళ్ల తరబడి మాట్లాడిన జాతీయ మీడియాలో ఈ సవరణపై జరిగిన చర్చ అత్యల్పం. సర్కిల్ రేటంటే రిజిస్ట్రేషన్ సమయంలో స్టాంపు సుంకాన్ని లెక్కగట్టేందుకు ప్రభుత్వం నిర్ణయించే కనీస ధర. మన దగ్గర ప్రభుత్వ కాగితాల్లో దానికి ‘మార్కెట్ విలువ’ అని పేరు. మార్కెట్‌తో దానికున్న చుట్టరికం ఏపాటిదో తెలిసిన జనం మాత్రం ‘గవర్నమెంట్ రేటు’ అంటారు. ఈ విషయంలో జనం వాడే పేరే సరైనది.

అయోధ్యలో ఆ రేట్లను అంతకుముందు సవరించింది 2017లో. ఈ రెండు సవరణల మధ్య ఆ ఊరికి ఏమేం జరిగిందో గుర్తుచేసుకోవాలి. ఫైజాబాద్‌ను, అయోధ్యను కలిపి 2017లో నగరపాలక సంస్థగా మార్చారు. 2018లో జిల్లా పేరు మార్చారు. 2019 నవంబరు 9న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2020 ఆగస్టు 5న భూమిపూజ, 2023 డిసెంబరు 30న విమానాశ్రయ ప్రారంభం, 2024 జనవరి 22న ప్రాణప్రతిష్ఠ జరిగాయి. సహాదత్‌గంజ్ నుంచి నయాఘాట్ దాకా సుమారు 13 కిలోమీటర్ల రామపథాన్ని విస్తరించారు. 2011 జనగణన నాటికి అయోధ్య పట్టణ జనాభా 56 వేలకు కాస్త తక్కువ, ఫైజాబాద్ జనాభా 1.65 లక్షలు. అలాంటి చిన్న ఊరు దేశం మొత్తం చూపు తనపై నిలిచిన నగరంగా మారింది. ముంబయి బిల్డర్లు వచ్చి ప్లాట్లు వేశారు. 2024 జనవరిలో అమితాబ్ బచ్చన్ అక్కడ ప్లాటు కొన్నారన్న వార్త దేశమంతా తిరిగింది. ఇంత జరిగినా రిజిస్ట్రార్ కార్యాలయంలోని ధరల పట్టిక 2017లోనే ఆగిపోయింది.

దీన్ని అధికారుల బద్ధకంగా చూడలేం. పట్టికను సవరించకపోతే ప్రభుత్వానికి స్టాంపు సుంకం రూపంలో ఆదాయం పోతుంది. ఏ ఆర్థిక శాఖా అంత తేలిగ్గా ఆదాయాన్ని వదులుకోదు. అయినా ఎనిమిదేళ్లపాటు వదులుకున్నారంటే, మరోచోట దానివల్ల మిగులుతున్నది ఉండాలి. ఆ మిగులు భూసేకరణలో ఉంది. ఆ కాలంలో అయోధ్యలో భూములు కొన్న అతిపెద్ద కొనుగోలుదారుల్లో ప్రభుత్వమూ ఉంది. విమానాశ్రయానికి, రోడ్లకు, వంతెనలకు, రాష్ట్ర ఆవాస్ వికాస్ పరిషత్తు తలపెట్టిన కొత్త టౌన్‌షిప్‌కు భూమి కావలసివచ్చింది. కొనుగోలుదారే ధర నిర్ణయించే అధికారి కూడా అయినప్పుడు పట్టిక కదలకపోవడంలో ఆశ్చర్యం లేదు.

లెక్క ఎలా పనిచేస్తుందో చూద్దాం. 2013 భూసేకరణ చట్టంలోని 26వ సెక్షను ప్రకారం భూమి విలువను మూడు ప్రమాణాలతో కట్టాలి. మొదటిది, స్టాంపు చట్టం కింద నిర్ణయించిన ధర. రెండోది, చుట్టుపక్కల అదే రకం భూములకు గత మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు. మూడోది, ప్రైవేటు సంస్థలకో, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యాలకో సేకరించేటప్పుడు పరస్పర అంగీకారంతో కుదిరిన మొత్తం. వీటిలో ఏది ఎక్కువైతే అదే విలువ. రెండో ప్రమాణం రైతుకు రక్షణ కావాలి. ఆచరణలో అదీ మొదటి దానికే వేలాడుతుంది. సర్కిల్ రేటు తక్కువగా ఉన్న చోట అమ్మేవారు, కొనేవారు కలిసి దస్తావేజులో ఆ రేటునే రాసుకుని మిగతాది నగదుగా ఇచ్చిపుచ్చుకుంటారు. కొన్నవాడికి స్టాంపు సుంకం మిగులుతుంది, అమ్మినవాడికి ఆదాయపు పన్ను మిగులుతుంది. పట్టణాల్లో పది గజాల స్థలం కొన్నవారికైనా ఈ తంతు తెలియనిది కాదు. అలా రాసుకున్న దస్తావేజులన్నీ కలిసి, తర్వాత ఎప్పుడో ప్రభుత్వం భూమి తీసుకోవడానికి వచ్చినప్పుడు, పక్క పొలం రైతుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతాయి. ఊరంతా కలిసి ఆడిన అబద్ధానికి మూల్యం చెల్లించేది అమ్మడం ఇష్టంలేక ఆగిన రైతు.

భూమికి రెండు ధరలున్నాయన్న సంగతి అయోధ్యలో అందరికంటే స్పష్టంగా బయటపడింది ఆలయ ట్రస్టు కొనుగోలు వివాదంలోనే. 2021 మార్చి 18న 1.208 హెక్టార్ల భూమి 2 కోట్ల రూపాయలకు ఒకరి నుంచి మరొకరి చేతికి రిజిస్టరైంది. నిమిషాల వ్యవధిలో అదే భూమిని 18.5 కోట్లకు కొనేందుకు ట్రస్టు ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది జూన్‌లో ఆమ్ ఆద్మీ పార్టీ, సమాజ్‌వాదీ పార్టీ నేతలు దీన్ని కుంభకోణమన్నారు. ట్రస్టు ఆ ఆరోపణను ఖండించింది. మొదటి రిజిస్ట్రేషన్ ఎప్పుడో కుదిరిన పాత ఒప్పందం ధరకు జరిగిందని, తీర్పు తర్వాత ధరలు బాగా పెరిగాయని, తాము మార్కెట్ ధర కంటే తక్కువకే కొన్నామని వివరించింది. ఆ వివరణను అక్షరాలా నమ్ముదాం. అప్పుడు అంతకంటే పెద్ద ప్రశ్న ముందుకొస్తుంది. తీర్పు తర్వాత ధరలు తొమ్మిది రెట్లయ్యాయని ట్రస్టుకు తెలిసినప్పుడు, ఆ సంగతి జిల్లా కలెక్టరుకు తెలియకుండా ఎలా ఉంది? ట్రస్టు కొన్నప్పుడు వర్తించిన పెరుగుదల, రోడ్డు కోసం రైతు దగ్గర తీసుకున్నప్పుడు ఎందుకు వర్తించలేదు?

అదే ఏడాది డిసెంబరులో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక, తీర్పు తర్వాత అయోధ్యలో భూములు కొన్నవారిలో ప్రజాప్రతినిధులు, ప్రభుత్వాధికారుల బంధువులు ఉన్నారని దస్తావేజుల ఆధారంగా రాసింది. రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. ఆ కొనుగోళ్లన్నీ అక్రమమని అనడానికి నా దగ్గర ఆధారం లేదు, అననక్కరలేదు కూడా. భూమి కొనడం నేరం కాదు. ధర పెరగబోతోందని ముందుగా తెలిసే చోట ఉన్నవారి కుటుంబాలు కొంటున్నాయి, ధరల పట్టికను సవరించే అధికారమూ ఆ యంత్రాంగం చేతిలోనే ఉంది. ఈ రెండింటి మధ్య గోడ లేకపోవడమే అసలు సమస్య.

చట్టం ఈ ప్రమాదాన్ని ఊహించకపోలేదు. ఏ ప్రాంతంలోనైనా భూసేకరణ ప్రక్రియ మొదలుపెట్టే ముందే అక్కడి విలువలను ప్రస్తుత మార్కెట్ ధరకు తగ్గట్టు సవరించేందుకు కలెక్టరు అవసరమైన చర్యలన్నీ తీసుకోవాలని అదే 26వ సెక్షను చెబుతోంది. పార్లమెంటు ఇంత స్పష్టంగా రాసినా అది అమలు కాకపోవడానికి మార్గం ‘అంగీకార’ కొనుగోలు. చట్టప్రకారం నోటిఫికేషన్ ఇచ్చి, సామాజిక ప్రభావ అంచనా చేసి, అవార్డు ప్రకటించే బదులు, రైతుతో నేరుగా విక్రయ దస్తావేజు రాయించుకుంటారు. సర్కిల్ రేటుకు గ్రామాల్లో నాలుగు రెట్లు, పట్టణంలో రెండు రెట్లు ఇస్తున్నామని ప్రకటిస్తారు. వినడానికి ఉదారంగా ఉంటుంది. దేనికి నాలుగు రెట్లు అన్నదే అసలు విషయం.

ఒక ఉదాహరణ అనుకుందాం. అంకెలు లెక్క అర్థం కావడానికి మాత్రమే. బిఘా సర్కిల్ రేటు 10 లక్షలు, వాస్తవ ధర 60 లక్షలు. గ్రామంలోనైతే గుణకం గరిష్ఠంగా రెండు, దానిపై అంతే మొత్తం పరిహార భృతి కలిపి రైతు చేతికి 40 లక్షలు వస్తాయి. ఆ గ్రామం నగరపాలక సంస్థ పరిధిలోకి వెళ్లిందంటే గుణకం ఒకటి అవుతుంది, చేతికి వచ్చేది 20 లక్షలు. నేల అదే, పంట అదే, నీళ్లు వచ్చే కాలువ కూడా అదే. మారింది పటం మీది గీత ఒక్కటే. అయోధ్య నగరపాలక సంస్థ పరిధిలోకి 2020లో నలభై దాకా గ్రామాలను చేర్చారు. నగరంలో కలపడమంటే సౌకర్యాలు వస్తాయని జనం ఆశపడతారు. మురుగు కాలువ, మంచినీటి కుళాయి రావడానికి ఏళ్లు పడుతుంది, పరిహారం సగం కావడానికి గెజిట్ ప్రకటన ఒక్కటి చాలు.

ఈ కథను ఒక పార్టీకో, ఒక రాష్ట్రానికో కట్టేసి చెప్పడం తెలుగు పాఠకుల దగ్గర చెల్లదు. తెలంగాణలో 2013 ఆగస్టులో సవరించిన భూముల విలువలను మళ్లీ ముట్టుకున్నది 2021 జూలైలో. అక్కడా దాదాపు ఎనిమిదేళ్లే. ఆ ఎనిమిదేళ్లలో రాష్ట్రం ఏర్పడింది, హైదరాబాద్ చుట్టూ భూమి ధర ఆకాశానికి వెళ్లింది, జలాశయాలకు, పరిశ్రమలకు వేల ఎకరాలు సేకరించారు. 2013 చట్టాన్ని పక్కనపెట్టి నేరుగా కొనేందుకు 2015లో జీవో 123 తెచ్చారు, అది హైకోర్టు దాకా వెళ్లింది. అక్కడ పాలించినది ఒక పార్టీ, ఇక్కడ పాలిస్తున్నది దానితో ఏ పోలికా లేని మరో పార్టీ. పట్టికను ఆపి ఉంచడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే ఆలోచన. చివరికి విలువలు పెంచినప్పుడు తెలంగాణ స్టాంపు సుంకాన్నీ 6 శాతం నుంచి 7.5 శాతానికి పెంచింది. సేకరణ దశ దాటాక రాబడి దశ మొదలైందన్నమాట.

అమరావతి దీనికి భిన్నమైన ప్రయత్నం. 2015లో 29 గ్రామాల పరిధిలో 33 వేలకు పైగా ఎకరాలను సమీకరించి, మెట్ట భూమి ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామన్నారు. పదేళ్లపాటు కౌలు ఇస్తామన్నారు. ధర పెరిగితే ఆ పెరుగుదలలో రైతుకూ వాటా ఉండాలన్న సూత్రం అందులో ఉంది, అది మంచి సూత్రమే. ఆ వాటా మాత్రం రాజధాని కట్టేదాకా కాగితంగానే ఉంటుంది. 2019లో ప్రభుత్వం మారాక ఆ కాగితానికి ఏ గతి పట్టిందో వేరే చెప్పనవసరం లేదు. ఉజ్జయినిలో 2028 సింహస్థ మేళా కోసం మధ్యప్రదేశ్ ప్రభుత్వం తలపెట్టిన ల్యాండ్ పూలింగ్‌ను రైతులు ఎదిరించారు. సంఘ్ పరివారానికి చెందిన భారతీయ కిసాన్ సంఘ్ కూడా రోడ్డెక్కడంతో 2025 నవంబరులో ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంటున్నట్లు ప్రకటించింది. సొంత ఇంటివారే నమ్మని వాటా అది.

పట్టా ఉన్న రైతు సంగతి ఇది. అయోధ్య పాతబస్తీలో చాలామందికి ఆ మాత్రం పట్టా కూడా లేదు. అక్కడి ఇళ్లు, దుకాణాలు ఎక్కువగా ఆలయాలవి, మఠాలవి, లేదా నజూల్ భూమిలోవి. నజూల్ అంటే వలస పాలకులు తమ స్వాధీనంలోకి తెచ్చుకున్న భూములు. స్వాతంత్ర్యం వచ్చాక అవి రాష్ట్ర ప్రభుత్వాల చేతికి వచ్చాయి, లీజుల మీద తరతరాలుగా జనం ఉంటున్నారు. పూలదండలు, కుంకుమ, ఇత్తడి ప్రతిమలు అమ్ముకునే కుటుంబం మూడు తరాలుగా ఒకే దుకాణంలో ఉన్నా చట్టం దృష్టిలో అద్దెదారే. రోడ్డు విస్తరణలో దుకాణం ముందు భాగమో, మొత్తమో పోయినప్పుడు ఇల్లుగలవాడికి భూమి విలువ వస్తుంది, అద్దెదారుడికి వచ్చేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే సాయం. అతను పోగొట్టుకున్నది గోడలను కాదు, గుడికి వెళ్లే దారిలో తనకున్న చోటును. ఆ చోటుకు సర్కిల్ రేటు ఏ పట్టికలోనూ ఉండదు. అమరావతిలోనూ భూమిలేని కుటుంబాలకు దక్కింది మొదట నెలకు 2,500 రూపాయల పింఛనే.

నజూల్ భూములను ఇకపై ప్రైవేటు వ్యక్తులకు పూర్తి హక్కులతో ఇవ్వరాదంటూ ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన బిల్లును 2024 జూలై 31న శాసనసభ ఆమోదించింది. మర్నాడే శాసన మండలిలో అధికార పార్టీ రాష్ట్ర అధ్యక్షుడే లేచి దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపాలన్నారు. మిత్రపక్షాలూ బహిరంగంగా వ్యతిరేకించాయి. అంతకు రెండు నెలల ముందే ఫైజాబాద్ లోక్‌సభ స్థానంలో సమాజ్‌వాదీ పార్టీ అభ్యర్థి అవధేశ్ ప్రసాద్ 54,567 ఓట్ల తేడాతో గెలిచారు. జనరల్ స్థానంలో నిలబడి గెలిచిన దళిత నాయకుడాయన.

ఆ ఫలితాన్ని భూసేకరణపై తీర్పుగా చూపించడం ఢిల్లీలో ఒక అలవాటైపోయింది. నాకది అతి సులువైన వివరణగా కనిపిస్తుంది. రోడ్డు విస్తరణ జరిగిన అయోధ్య అసెంబ్లీ సెగ్మెంటులో స్వల్పంగానే అయినా భారతీయ జనతా పార్టీకే ఆధిక్యం వచ్చింది. 2025 ఫిబ్రవరిలో అదే లోక్‌సభ స్థానంలోని మిల్కీపూర్ ఉపఎన్నికలో ఆ పార్టీ 61,710 ఓట్ల తేడాతో గెలిచింది. కులం, అభ్యర్థి, రాజ్యాంగం గురించిన భయం, రేషన్ బియ్యం, ఇవన్నీ ఓటులో కలిసి ఉంటాయి. భూమి కోల్పోయినవారు ఏ నియోజకవర్గంలోనైనా కొన్ని వేలమందే. ధర పెరిగి లాభపడినవారు, పెరుగుతుందని ఆశపడేవారు అంతకంటే ఎక్కువ. అందుకే వాళ్ల నష్టం ఎన్నికల్లో సరిదిద్దుకోబడుతుందని కూర్చుంటే కుదరదు. దానికి చట్టమే దిక్కు.

కొత్త ఇళ్లెవరికన్న ప్రశ్న మిగిలింది. వృద్ధి చెందే చిన్న నగరంలో ఇళ్ల కరువు తీరాలంటే అక్కడ పనిచేసేవారికి ఇళ్లు రావాలి. అయోధ్యలో ప్రకటనలకెక్కుతున్నవి ఎక్కువగా దూరనగరాలవారు పెట్టుబడిగానో, పుణ్యంగానో కొనే ప్లాట్లు, హోటళ్లు, యాత్రికులకు గదులు అద్దెకిచ్చే ఇళ్లు. ఉన్న ఇళ్లలోని గదులు కూడా యాత్రికుల వైపు తిరిగితే ఏడాదికి అద్దె ఇచ్చే కుటుంబానికి ఊళ్లో చోటు తగ్గుతుంది. యాదగిరిగుట్ట చుట్టూ వెంచర్ల బోర్డులు చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. హద్దురాళ్లు పాతిన పొలాల్లో పంటా ఉండదు, ఇల్లూ ఉండదు.

కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ పథకం ఇక్కడ పనికొస్తుందా అంటే, 2024లో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో దశలో కోటి కుటుంబాలకు సాయం లక్ష్యంగా పెట్టుకున్నారు. సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే పేదలకు 2.5 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. పథకం ‘సొంత స్థలం’ అన్న మాట దగ్గర మొదలవుతుంది. స్థలం ధర లక్షల్లోంచి పదుల లక్షల్లోకి వెళ్లిన ఊళ్లో ఆ సాయం స్థలం ఉన్నవాడికే అందుతుంది. సిమెంటు, ఇనుము ధరల గురించి మనం మాట్లాడుకున్నంతగా నేల ధర గురించి మాట్లాడుకోం. చిన్న పట్టణంలో పేదవాడి ఇంటికి అడ్డం పడేది ఇటుక కాదు.

సరయూ ఒడ్డున, మాంఝా అని పిలిచే నదీతీర భూముల్లోకి నగరం విస్తరిస్తోంది. గంగ, దాని ఉపనదుల వరద మైదానాల్లో నిర్మాణాలను నియంత్రించే కేంద్ర ఉత్తర్వు 2016లోనే వచ్చింది. ఆ నియమం మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించవచ్చు. దానిపై విడిగా రాయాలి.

సర్కిల్ రేట్లు పెంచితే ఇల్లు కొనుక్కునే మధ్యతరగతికి భారం కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. స్టాంపు సుంకం ఆరేడు శాతం ఉన్నంతకాలం నిజమైన ధర రాసుకోవడం కొనుగోలుదారుకు శిక్షలాంటిది. రేటును వాస్తవానికి దగ్గరగా తెచ్చినప్పుడు సుంకం శాతాన్ని తగ్గించాలి. మహారాష్ట్ర 2020లో కొన్ని నెలలపాటు సుంకాన్ని 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గించినప్పుడు రిజిస్ట్రేషన్లు పెరిగాయే కాని ఖజానా కుప్పకూలలేదు. రేటు నిర్ణయించే అధికారాన్ని భూమి కొనే యంత్రాంగం నుంచి విడదీయడం రెండో పని. స్థానిక ప్రతినిధులకు ఇందులో పాత్ర ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ స్ఫూర్తి. అయోధ్యలో పట్టణ ప్రణాళిక డివిజనల్ కమిషనర్ అధ్యక్షతన ఉండే అభివృద్ధి ప్రాధికార సంస్థది. 2023లో చట్టం చేసిన తీర్థ వికాస్ పరిషత్తుకు ముఖ్యమంత్రే అధ్యక్షుడు. ఎన్నికైన కార్పొరేటరు చేతిలో మిగిలింది వీధిదీపాలు, చెత్తబండ్లు.

ఇక 2025 జూన్ సవరణ విషయానికొస్తే, కొన్నిచోట్ల రేట్లు రెండింతలు, అంతకు మించి పెరిగాయి. పాత రేట్లు వాస్తవానికి ఎంత దూరంలో ఉన్నాయో ప్రభుత్వమే సంతకం పెట్టి ఒప్పుకున్నట్లయింది. ఆ తేదీకి ముందు భూమి ఇచ్చినవారికి మాత్రం దీనివల్ల ఒక్క రూపాయీ రాదు. చట్టప్రకారం అవార్డు అందుకున్న రైతు పరిహారం చాలలేదనుకుంటే 64వ సెక్షను కింద వివాదాన్ని భూసేకరణ ప్రాధికార సంస్థ ముందు పెట్టవచ్చు. ఇష్టపూర్వకంగా అమ్ముతున్నానని దస్తావేజులో వేలిముద్ర వేసిన రైతుకు ఆ తలుపు లేదు. నోటీసు గుమ్మానికి అంటించాక జరిగిన అంగీకారాన్ని ఇష్టమని ఎంతవరకు అనగలమో న్యాయస్థానాలు తేల్చాలి. ఈలోగా ప్రభుత్వం చేయగలిగింది ఒకటుంది. 2019 నవంబరు నుంచి 2025 జూన్ దాకా ప్రభుత్వ సంస్థలు అయోధ్యలో రాయించుకున్న ప్రతి విక్రయ దస్తావేజునూ తేదీ, విస్తీర్ణం, చెల్లించిన మొత్తంతో ప్రచురించి, పక్కన ఈనాటి రేటు వేసి, తేడాను చెల్లించాలి. ఇందుకు కొత్త చట్టమేమీ అక్కరలేదు, దస్తావేజులన్నీ రిజిస్ట్రార్ కార్యాలయంలోనే ఉన్నాయి.